ఒకే ఒంట్లో ఎవరి రైబోసోమ్ వాళ్లది

కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రాన్ని రైబోసోమ్ అంటారు. బోదకాలు పురుగు చేరిన మనిషి ఒంట్లో ఎన్ని రకాల రైబోసోములు పనిచేస్తుంటాయో ఒకసారి లెక్కేద్దాం. మనిషి కణాల్లో మనిషివి ఉంటాయి. అవే కణాల్లో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో ఇంకో రకంవి ఉంటాయి. లింఫ్ నాళాల్లో తిష్ఠ వేసిన ఫైలేరియా పురుగుకి తన సొంతవి, ఆ పురుగు మైటోకాండ్రియాకి మళ్లీ వేరేవి. ఇవి చాలవన్నట్టు పురుగు కణాల లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా మకాం పెట్టి ఉంటుంది. దాని రైబోసోములు దానివే. పేగుల్లోని బ్యాక్టీరియాని పక్కన పెట్టినా ఐదు రకాలు తేలాయి.

మెడికల్ షాపులో మామూలుగా దొరికే డాక్సీసైక్లిన్ ఈ ఐదింట్లో ఒకదాన్నే గట్టిగా పట్టుకుంటుంది. అది వోల్బాకియాది. కొన్ని వారాలు వరసగా ఆ మందు వాడితే ఆడ పురుగు కడుపులో పిండాలు ఎదగడం ఆగిపోతుంది. పురుగు గొడ్డుపోతుంది, ఆ తర్వాత ఏడాది రెండేళ్లలో మెల్లగా చచ్చిపోతుంది. మందు నేరుగా పురుగు జోలికి వెళ్లనే లేదు. పురుగు లోపలి బ్యాక్టీరియా చేత ప్రోటీన్ల తయారీ మాన్పించింది, అంతే.

జీవుల మధ్య దగ్గరితనం గురించి మాట్లాడేటప్పుడు ఎవరు ఎవరికి తిండి పెడతారు, ఎవరు ఎవరికి చోటిస్తారు అన్నదే ఎక్కువగా చెబుతారు. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించే ప్రశ్న ఒకటుంది: ఎవరి ప్రోటీన్లు ఎవరి రైబోసోమ్ మీద తయారవుతున్నాయి? ఇలా అడిగి చూస్తే సహజీవనం, పరాన్నజీవనం, మందుల సైడ్ ఎఫెక్టులు, చివరికి మన కణం పుట్టుక కూడా ఒకే వరసలోకి వస్తాయి. ఉమ్మడి కుటుంబంలో పొలం కలిసి ఉండొచ్చు, ఇల్లు కలిసి ఉండొచ్చు. పొయ్యి వేరు పెట్టారంటే మాత్రం లెక్క వేరు. కోట్ల ఏళ్లుగా ఒకే కణంలో కలిసి బతుకుతున్న జీవులు కూడా ఒక్కొక్కటిగా అన్నీ వదిలేసుకుంటాయి గానీ, పొయ్యి మాత్రం దాదాపు చివరిదాకా సొంతంగానే ఉంచుకుంటాయి. ఆ పొయ్యి రైబోసోమ్.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో. డీఎన్‌ఏలోని జన్యువుకి ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. దాన్ని రైబోసోమ్ మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. ఆ మూడక్షరాల గుంపే కోడాన్. మొత్తం 64 కోడాన్లలో 61 ఏదో ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. యూఏఏ, యూఏజీ, యూజీఏ అనే మూడు మాత్రం ఇక ఆపమని చెబుతాయి. అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చేవి టీఆర్‌ఎన్‌ఏలు. స్టాప్ కోడాన్ వచ్చినప్పుడు టీఆర్‌ఎన్‌ఏ రాదు, రిలీజ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ వచ్చి తయారైన గొలుసుని విడదీస్తుంది. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, సికాడా పురుగు దగ్గరికి వెళ్లాక దీనితో పెద్ద పనుంది.

బ్యాక్టీరియా రైబోసోమ్‌ని 70ఎస్ అనీ, మన కణాలదాన్ని 80ఎస్ అనీ అంటారు. ఎస్ అంటే బరువు కాదు, సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగంగా అడుగుకి దిగుతుందో చెప్పే కొలత. అందుకే బ్యాక్టీరియా రైబోసోమ్ చిన్న ముక్క 30ఎస్, పెద్ద ముక్క 50ఎస్ అయినా కలిపితే 80 రాదు. రెండు రకాల పనీ ఒకటే, లోపలి పోలికలూ ఒకటే, కానీ వివరాల్లో తేడాలున్నాయి. చాలా యాంటీబయాటిక్‌లు ఆ చిన్న తేడాల మీదే నడుస్తున్నాయి. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 2000లో 30ఎస్ ముక్క నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో బయటపెట్టింది. డాక్సీసైక్లిన్ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ అందులో ఎక్కడ అతుక్కుంటుందో కూడా చూపించింది: కొత్త టీఆర్‌ఎన్‌ఏ వచ్చి కూర్చోవాల్సిన చోటికి సరిగ్గా అడ్డంగా. మన 80ఎస్‌కి ఈ మందు అంత గట్టిగా అతుక్కోదు, పైగా బ్యాక్టీరియా లాగా మన కణాలు దాన్ని లోపల పోగుచేసుకోవు.

పురుగులో బ్యాక్టీరియా, బ్యాక్టీరియా మీద మందు

బోదకాలు మన కోస్తా జిల్లాలకి గానీ తెలంగాణ పల్లెలకి గానీ కొత్త కాదు. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు వుకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు లార్వాలు ఒంట్లోకి వస్తాయి. పెద్దవై లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి, మైక్రోఫైలేరియా అనే పిల్ల పురుగుల్ని లక్షల్లో వదులుతాయి. ఆ పిల్లలు రాత్రిపూట రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కాబట్టే రక్త పరీక్షలకి రాత్రి వస్తారు. ఊరందరికీ పంచే డీఈసీ మాత్రలు ముఖ్యంగా ఈ పిల్లల్ని తుడిచేస్తాయి. పెద్ద పురుగు మీద వాటి దెబ్బ అంతంతమాత్రం.

ఆ డీఈసీ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారైంది. హెట్రజాన్ అన్న పేరుతో అమ్మారు. ఆయన పరిశోధన డైరెక్టర్‌గా ఉన్న కాలంలోనే అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ అరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో దాన్ని ప్రకటించారు, ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అరియోమైసిన్, డాక్సీసైక్లిన్ అదే కుటుంబంలో తర్వాత వచ్చింది. ఒకే ల్యాబ్ నుంచి మొదలైన ఈ రెండు మందుల వరసలూ ఎప్పటికో ఒకే పురుగు మీదికి రెండు దారుల్లో వెళ్తాయని అప్పట్లో ఊహించే వీలే లేదు. పురుగు లోపల బ్యాక్టీరియా లాంటివి ఉన్నాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద 1970ల్లో గాని కనిపించలేదు. అవి వోల్బాకియా అని తేలేసరికి 1990లు వచ్చాయి.

వోల్బాకియా మాత్రం అంతకు చాలా ముందే తెలుసు. 1924లో మార్షల్ హెర్టిగ్, సిమియన్ బర్ట్ వోల్బాక్ దాన్ని చూసింది క్యూలెక్స్ దోమలోనే. అంటే బోదకాలుని మోసే దోమల కుటుంబంలోనూ వోల్బాకియా ఉంది, ఆ దోమ మోసే పురుగులోనూ ఉంది. రెండు చోట్లా తల్లి గుడ్ల ద్వారానే పిల్లలకి చేరుతుంది. అయినా ఆ రెండు సంబంధాలకీ పోలికే లేదు. దోమలో అది కిరాయి కట్టకుండా పెత్తనం చేసే రకం: వోల్బాకియా ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు పొదగవు. అలా తనున్న ఆడదోమల సంతానమే పెరిగేలా చూసుకుంటుంది. యాంటీబయాటిక్ పెట్టి దాన్ని వదిలించినా దోమ హాయిగా బతుకుతుంది. పురుగు అలా బతకలేదు.

ఎందుకు బతకలేదో 2005లో కొంత తెలిసింది. బ్రూజియా మలాయి అనే మరో ఫైలేరియా పురుగులోని వోల్బాకియా జీనోమ్‌ని, అంటే దాని మొత్తం డీఎన్‌ఏని, ఆ ఏడాది పూర్తిగా చదివారు. సుమారు 10.8 లక్షల అక్షరాలు. స్వేచ్ఛగా తిరిగే ఈ.కొలై బ్యాక్టీరియాకి ఉన్నదానిలో నాలుగో వంతు కూడా కాదు. సొంతంగా బతకడానికి కావలసినవి చాలా పోయాయి, కానీ హీమ్, రైబోఫ్లేవిన్, న్యూక్లియోటైడ్లు తయారుచేసే జన్యువులు మిగిలాయి. పురుగుకి హీమ్‌ని మొదటినుంచి చివరిదాకా సొంతంగా తయారుచేసుకునే ఏర్పాటు లేదు. పిండాలు వేగంగా ఎదిగేటప్పుడు ఇవన్నీ కావాలి. బ్యాక్టీరియా రైబోసోమ్ ఆగితే ఆ ఎంజైములు ఆగుతాయి, వాటితో పాటే పురుగు గర్భం కూడా.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పురుగుకి మైటోకాండ్రియా ఉంది కదా, వాటి రైబోసోములు కూడా బ్యాక్టీరియా తరహావే కదా, మందు దెబ్బ వాటికి తగిలి పురుగు చచ్చిపోతోందేమో? మంచి ప్రశ్న. జవాబు కూడా ప్రకృతే సిద్ధంగా పెట్టింది. ఫైలేరియా పురుగులన్నిట్లో వోల్బాకియా ఉండదు. ఆఫ్రికాలో కంటి పురుగుగా పేరుపడ్డ లోవా లోవాలో లేదు, ఎలుక జాతి జంతువుల్లో పెరిగే అకాంథోకైలోనీమా విటియేలో లేదు. వీటికీ మైటోకాండ్రియా ఉంది, కానీ టెట్రాసైక్లిన్ ఇస్తే వీటికి ఏమీ కావడం లేదు. వోల్బాకియా ఉన్న లిటోమోసోయిడిస్ అనే మరో ఫైలేరియా పురుగుకి అదే మందు ఇస్తే ఎదుగుదల ఆగి గొడ్డుపోతుంది. దెబ్బ తగిలింది ఎవరి రైబోసోమ్‌కో దీంతో ఖాయమైంది. తర్వాత 2005లో టాంజానియాలో బోదకాలు పురుగు ఉన్న మగవాళ్లకి 8 వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూస్తే చాలామందిలో పెద్ద పురుగులే పోయాయి. డీఈసీ సరిగా చేయలేని పని అది.

మరి ఊరందరికీ ఇదే పంచొచ్చు కదా అంటే కుదరదు. వారాల తరబడి రోజూ మింగాలి. గర్భిణులకి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదు. ఏడాదికి ఒక్కసారి ఎదురుగా నిలబడి మింగించే మాత్రలకే జనం నానా సాకులు చెబుతుంటారు. డాక్టర్ చూసి ఒక్కొక్కరికీ రాసిచ్చే మందుగానే ఇది మిగిలింది.

మనలోని పాత అతిథి

వోల్బాకియా ఆల్ఫాప్రోటియోబ్యాక్టీరియా అనే సమూహానికి చెందింది. మన మైటోకాండ్రియా పూర్వీకులు కూడా ఆ సమూహానికి చెందినవో, దానికి అతి దగ్గరి చుట్టాలో అయిన బ్యాక్టీరియా. 150 నుంచి 200 కోట్ల సంవత్సరాల క్రితం ఒక కణంలోకి చేరి ఉండిపోయాయి. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాట గట్టిగా రాసినప్పుడు పదిహేను దాకా పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పికొట్టాయి. మార్గులిస్ వాదనకి పెద్ద బలం రైబోసోముల నుంచే వచ్చింది. కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ 1977లో జీవుల చుట్టరికాల్ని రైబోసోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ అక్షరాల ఆధారంగా కట్టే పద్ధతి చూపించారు. ఆ పద్ధతిలో చూస్తే మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ, దానికి ఇల్లిచ్చిన కణం వైపు కాకుండా బ్యాక్టీరియా వైపు వెళ్లి చేరింది.

ఇన్ని కోట్ల ఏళ్లలో మైటోకాండ్రియా ఆస్తంతా కేంద్రకానికి రాసిచ్చేసింది. దానికి కావలసిన వెయ్యికి పైగా ప్రోటీన్ల జన్యువులు ఇప్పుడు కేంద్రకంలో ఉన్నాయి. ఆ ప్రోటీన్లు బయట 80ఎస్ మీద తయారై లోపలికి వెళ్తాయి. సొంత డీఎన్‌ఏలో మిగిలింది 16,569 అక్షరాలు, 37 జన్యువులు. వాటిలో ప్రోటీన్లకి 13 మాత్రమే. మిగతా 24 జన్యువులు దేనికంటే, ఆ పదమూడింటిని తయారుచేయడానికి: 22 టీఆర్‌ఎన్‌ఏలకి, 2 రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలకి. అంతేకాదు, ఆ రైబోసోమ్‌కి కావలసిన 80 దాకా ప్రోటీన్లు కేంద్రకం ఖర్చుతో తయారై వస్తాయి. పదమూడు ప్రోటీన్ల కోసం ఇంత హంగామా! ఏ ఆడిటర్ చూసినా దీన్ని మూసేయమనే అంటాడు.

మూసేయకపోవడానికి రెండు మూడు కారణాలు చెబుతారు. ఆ పదమూడూ పొరల్లో కూరుకుపోయి ఉండే, నీటికి దూరంగా జరిగే ప్రోటీన్లు. బయట తయారైతే దారి తప్పి వేరే పొరలో చిక్కుకునే ప్రమాదం ఉంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీలో ముఖ్యమైన భాగాలు అవే కాబట్టి, అక్కడికక్కడే పరిస్థితిని బట్టి తయారీ పెంచుకోవడం తగ్గించుకోవడం సులువని ఇంకో వాదన. మూడో కారణం నాకు అన్నిటికన్నా నచ్చింది. మన మైటోకాండ్రియాలో యూజీఏ స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఈ సంగతి 1979లో బయటపడింది. అక్కడి జన్యువు ఇప్పుడు కేంద్రకానికి వెళ్లినా, బయటి రైబోసోమ్ మొదటి యూజీఏ దగ్గరే ఆగిపోతుంది. సగంలో తెగిన ముక్క తప్ప ప్రోటీన్ రాదు. ఒకసారి కోడాన్ అర్థం మారాక జన్యువులు చేతులు మారడం చాలా కష్టం.

అలాగని పొయ్యి ఎప్పటికీ ఆరదని కాదు. నీళ్ల విరేచనాలు కలిగించే జియార్డియాలో మైటోకాండ్రియా కుంచించుకుపోయి మైటోసోమ్ అనే చిన్న సంచిగా మారింది. దానికి డీఎన్‌ఏ లేదు, రైబోసోమ్ లేదు. ఇనుము, గంధకం కలిపే చిన్న పని మాత్రం చేస్తుంది. దాన్ని ఇంకా ఇద్దరి కాపురం అనడం కష్టం. అది కణంలో ఒక భాగం, అంతే.

మన సంగతికొస్తే, పాత అతిథి రైబోసోమ్ ఇంకా బ్యాక్టీరియా పోలికలతో ఉండడం వల్ల మనం ఆస్పత్రుల్లో మూల్యం చెల్లిస్తున్నాం. మొండి టీబీకి వాడే లినెజోలిడ్ బ్యాక్టీరియా 50ఎస్ మీద పనిచేస్తుంది. నెలల తరబడి వాడితే రక్తం తగ్గడం, కాళ్లు తిమ్మిర్లెక్కడం, చూపు మందగించడం, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం లాంటివి వస్తాయి. ఎందుకంటే మైటోకాండ్రియా రైబోసోమ్ కూడా ఆ మందుకి కొంత దొరికిపోతుంది. డాక్సీసైక్లిన్ కూడా ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వేస్తే మైటోకాండ్రియా ప్రోటీన్ల తయారీని కుదిపేస్తోంది, కాకపోతే మామూలు మోతాదుల్లో మనిషి తట్టుకుంటాడు.

ఇంకాస్త దగ్గరగా చూడాల్సింది చెవుడు కేసు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఒకే కుటుంబం మందులు. బ్యాక్టీరియా 30ఎస్‌లో కోడాన్‌ని సరిచూసే చోట కూర్చుని తప్పుడు ప్రోటీన్లు తయారయ్యేలా చేస్తాయి. ఎక్కువ రోజులు వాడితే ఎవరికైనా వినికిడి దెబ్బతినొచ్చు. కొందరికి మాత్రం కొద్ది డోసులకే చెవులు పోతాయి. వాళ్ల మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ స్థానంలో ఉండాల్సిన ‘ఏ’ అనే అక్షరం బదులు ‘జీ’ ఉంటుంది. అది రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో పడే మార్పు. ఆ ఒక్క అక్షరంతో మన మైటోకాండ్రియా రైబోసోమ్ ఆ మూలలో బ్యాక్టీరియా రైబోసోమ్‌లా తయారవుతుంది, మందు అక్కడ కూడా సరిపోతుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఈ బలహీనత కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. అమ్మమ్మకో, మేనమామకో, పిన్నికో ఏదో ఇంజెక్షన్ తర్వాత చెవుడు వచ్చిందని ఇంట్లో అనుకుంటుంటే, ఆ మాట డాక్టర్ చెవిన వేయడం మంచిది.

పక్కవాడి రైబోసోమ్ మీద దెబ్బ

ఇంతదాకా మందుల సంగతి. జీవులు ఈ పని మనకన్నా ఎప్పటినుంచో చేస్తున్నాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పండే ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. దాని పని భలే సూక్ష్మం. 80ఎస్ పెద్ద ముక్కలో దాదాపు 5 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఉంది. అందులో ఒకే ఒక్క అడినైన్‌ని (‘ఏ’ అక్షరం అంటే అదే) రిసిన్ ఊడబెరుకుతుంది. ఆ చోటే ఆగిపోతుంది రైబోసోమ్. ఒక్క రిసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోసోముల్ని ఇలా పనికిరాకుండా చేయగలదు. ఆముదం నూనెలో రిసిన్ రాదు, గింజ పిండిలో మిగిలిపోతుంది. అందుకే ఆ పిండి ఎరువుగా పనికొస్తుంది గానీ వేడిచేసి విరగ్గొట్టకుండా పశువులకి పెట్టకూడదు. మరి మొక్క తన రైబోసోముల్ని ఎలా కాచుకుంటుంది? పనిచేయని రూపంలో తయారుచేసి, విడిగా సంచుల్లో దాచిపెట్టి.

ఇదే తరహా విషాన్ని అమెరికాలో పుట్టగొడుగులు తినే ఒక చిన్న ఈగ లోపలి బ్యాక్టీరియా వాడుకుంటోంది. ఈగ పేరు డ్రోసోఫిలా నియోటెస్టేసియా. దానికి ఒక రకం నులిపురుగు పట్టి గొడ్డుపోయేలా చేస్తుంది. ఈగలో స్పైరోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉంటే మాత్రం నులిపురుగు కుంగిపోయి, ఈగ గుడ్లు పెడుతుంది. ఆ రక్షణ ఎంత లాభమంటే 1980ల తర్వాత స్పైరోప్లాస్మా ఉన్న ఈగలు ఉత్తర అమెరికాలో చకచకా పెరిగిపోయాయి. కారణం 2016లో దొరికింది: నులిపురుగు రైబోసోముల్లో సరిగ్గా రిసిన్ పెరికే అడినైనే ఊడిపోయి ఉంది. ఈగవి చాలావరకు క్షేమంగా ఉన్నాయి. అలాగని ఇది ఉచిత సేవ కాదు. ఇంకో జాతి ఈగలో, వయసు మళ్లాక, ఇలాంటి విషం ఈగ రైబోసోముల్నే తింటున్నట్టు తర్వాత తేలింది.

వైరస్‌ల దారి అన్నిటికన్నా తేలిక. వాటికి రైబోసోమ్ లేదు, ఎవరిదైనా తమదే. కోవిడ్ వైరస్ తయారుచేసే మొదటి ప్రోటీన్లలో ఒకటి మన 80ఎస్‌లోని చిన్న ముక్క 40ఎస్‌లో ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ దూరే దారిని మూసేస్తుంది. మన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలు బయట నిలబడిపోతే వైరస్‌వి లోపలికి వెళ్తాయి. బ్రెజిల్‌లో దొరికి 2018లో ప్రకటించిన టుపాన్‌వైరస్ ఇంకో అంచున ఉంది. 20 అమైనో ఆమ్లాల్నీ టీఆర్‌ఎన్‌ఏలకి తగిలించే ఎంజైములన్నీ దాని దగ్గర ఉన్నాయి. సరంజామా అంతా ఉండి పొయ్యి ఒక్కటి లేదు.

సికాడా లోపల మారిన యూజీఏ

ఎండాకాలం అడవి దారిలో చెట్ల మీద నుంచి చెవులు గింగురుమనేలా రొద వినిపిస్తుందే, ఆ పురుగు సికాడా. దాని తిండి చెట్ల దారువులో పారే నీళ్ల రసం. అందులో పోషకాలు ఏమీ లేవనే చెప్పాలి. అత్యవసర అమైనో ఆమ్లాలు పదింటిని అది ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా నుంచే తీసుకోవాలి. ఎనిమిదింటిని సల్సియా అనే బ్యాక్టీరియా ఇస్తుంది. మిగతా రెండు, హిస్టిడిన్, మెథియొనిన్, హాడ్జ్‌కీనియా ఇస్తుంది.

2009లో అమెరికాలోని అరిజోనా సికాడా నుంచి హాడ్జ్‌కీనియా జీనోమ్ చదివారు జాన్ మకచియన్, బ్రాడన్ మెక్‌డొనాల్డ్, నాన్సీ మోరాన్. సుమారు 1.44 లక్షల అక్షరాలు, జన్యువులు రెండు వందల లోపు. వాటిలో పెద్ద వాటా ప్రోటీన్ తయారీ సరంజామాదే. మిగతావన్నీ వదిలేసినా అది వదల్లేదు. అంతకన్నా వింత ఏమిటంటే, జన్యువుల మధ్యలో యూజీఏలు కనిపించాయి. స్టాప్ అనుకుంటే ప్రతి జన్యువూ ముక్కలవుతుంది. ట్రిప్టోఫాన్ అనుకుంటే చక్కగా సరిపోతుంది. మైటోకాండ్రియాలో జరిగిన మార్పే ఇక్కడ మళ్లీ జరిగింది, ఎవరి ప్రమేయం లేకుండా, విడిగా.

ఇలాంటి మార్పుకి అంతకుముందు ఒక వివరణ ఉండేది. కొన్ని బ్యాక్టీరియా జీనోముల్లో జీ, సీ అక్షరాలు తగ్గిపోయి ఏ, టీ పెరుగుతూ పోతాయి. అప్పుడు యూజీఏతో ముగిసే జన్యువులన్నీ మెల్లగా యూఏఏకి మారిపోతాయి, యూజీఏ ఎక్కడా వాడకంలో లేకుండా ఖాళీ అవుతుంది, తర్వాత దానికి కొత్త పని దొరుకుతుంది. మైకోప్లాస్మా, స్పైరోప్లాస్మా అనే బ్యాక్టీరియాలకి ఈ వివరణ అతికింది. హాడ్జ్‌కీనియా దీన్ని తలకిందులు చేసింది. దాని జీనోమ్‌లో జీ, సీలే 58 శాతం.

అప్పుడు మకచియన్ బృందం చెప్పిన కారణం వేరు, దానికి మూలం సికాడాతో ఉన్న సంబంధమే. బ్యాక్టీరియాలో రిలీజ్ ఫ్యాక్టర్లు రెండు. మొదటిది యూఏఏ, యూఏజీలని గుర్తిస్తుంది. రెండోది యూఏఏ, యూజీఏలని. అంటే యూజీఏ దగ్గర ఆపేది రెండోది ఒక్కటే. స్వేచ్ఛగా బతికే ఈ.కొలై సంగతి చూడండి. దానికి 4,300 దాకా ప్రోటీన్ జన్యువులు, వెయ్యికి పైగా యూజీఏతోనే ముగుస్తాయి. రెండో ఫ్యాక్టర్ పోయిందంటే ఆ వెయ్యి ప్రోటీన్లకీ తోకలు పెరుగుతాయి, కణం బతకదు. హాడ్జ్‌కీనియాకి జన్యువులే కొన్ని. వాటిలో యూజీఏతో ముగిసేవి ఇంకా కొన్ని. తల్లి నుంచి పిల్లకి ప్రతిసారీ కొద్ది కణాలే వెళ్తాయి కాబట్టి, కాస్త చెడ్డ మార్పు కూడా తుడిచిపెట్టుకుపోకుండా నిలబడిపోతుంది. బయటినుంచి మంచి జన్యువు వచ్చి సరిదిద్దే అవకాశమూ లేదు. అలా చిక్కిపోతూ వచ్చిన జీనోమ్ ఒకరోజు రెండో ఫ్యాక్టర్ని కూడా వదిలేసింది. ఆ తర్వాత ట్రిప్టోఫాన్ టీఆర్‌ఎన్‌ఏలో చిన్న మార్పు చాలు, ఖాళీగా ఉన్న యూజీఏని అది అందుకుంటుంది. భూమ్మీద దాదాపు అన్ని జీవులూ పాటించే కోడాన్ పట్టికే మారింది, ఒక పురుగు ఒంట్లో స్థిరపడిపోవడం వల్ల.

ఇంత చిన్న జీనోమ్‌తో ఆ రైబోసోమ్ ఎలా నడుస్తోందన్నది ఇంకా చిక్కుముడి. టీఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక దాని అంచులు కత్తిరించాలి, కొన్ని అక్షరాలు సవరించాలి. ఆ పని చేసే ఎంజైముల జన్యువుల్లో చాలావరకు హాడ్జ్‌కీనియాకి లేవు. అయినా దాని టీఆర్‌ఎన్‌ఏలు శుభ్రంగా తయారై ఉన్నాయని 2019లో చూశారు. ఆ ఎంజైములు సికాడా కణం నుంచే లోపలికి వస్తుండాలి. ఇలాంటి సరఫరా అసాధ్యమేమీ కాదు. పేనుబంక ఒక ప్రోటీన్ తయారుచేసి తన కణాల్లోని బుక్నెరా బ్యాక్టీరియాకి అందిస్తోందని 2014లోనే చూపించారు. నిమ్మ, బత్తాయి, కరివేపాకు చెట్ల మీద రసం పీల్చే సిల్లా పురుగులోనూ కార్సొనెల్లా అనే ఇలాంటి బ్యాక్టీరియానే ఉంది. ఈ జాతి జీనోమ్ సుమారు 1.74 లక్షల అక్షరాలు, టీఆర్‌ఎన్‌ఏకి అమైనో ఆమ్లం తగిలించే ఎంజైముల్లో కొన్ని దానికీ లేవు. పొయ్యి వాళ్లదే, కట్టెలు ఇంటివాళ్లవి.

హాడ్జ్‌కీనియా కథ అంతటితో ఆగలేదు. అమెరికాలో 13, 17 ఏళ్లకి ఒకసారి నేలలోంచి బయటికొచ్చే సికాడాల్లో అది ముక్కలు ముక్కలైంది. ఒక జీనోమ్‌లో ఉండాల్సిన జన్యువులు ఎన్నో వేర్వేరు డీఎన్‌ఏ వలయాల మధ్య చెదిరిపోయాయి. ఏ ఒక్కటీ విడిగా పనిచేయలేదు, అన్నీ కలిస్తేనే ఒక పాత హాడ్జ్‌కీనియా. అన్నిటినీ మేపాల్సింది సికాడానే. పని మాత్రం అదే రెండు అమైనో ఆమ్లాలు.

జపాన్ సికాడాల్లో చాలా జాతులు ఈ బరువు దించేసుకున్నాయి. 2018లో వాటి ఒంట్లో వెతికితే సల్సియా ఉంది, హాడ్జ్‌కీనియా లేదు. దాని చోట ఈస్ట్ లాంటి ఒక శిలీంధ్రం ఉంది. చుట్టరికం చూస్తే అది సికాడాలకి పట్టి చంపే ఓఫియోకార్డిసెప్స్ శిలీంధ్రాల కుటుంబం. చంపడానికి వచ్చినదాన్ని ఈ పురుగులు ఒకసారి కాదు, వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా లోపల పెట్టుకున్నాయి. కొత్తగా వచ్చిన శిలీంధ్రం దగ్గర జీనోమ్ నిండుగా ఉంది. దాదాపు అన్ని అమైనో ఆమ్లాలూ, చాలా విటమిన్లూ అదే తయారుచేసుకోగలదు. దాని రైబోసోమ్ 80ఎస్. అక్కడ యూజీఏ అంటే మళ్లీ స్టాపే.